మనంలో ఎవరెవరు

1

గాలి పడమట నుంచి. నీళ్ళు నిలకడ.

లంకలో ఏం రాసినా ముందు గాలి సంగతి, నీళ్ళ సంగతి రాసి ఆ తర్వాతే అసలు సంగతికి రావాలట. ఉప్పు బదులడుగుతూ పక్కింటికి చీటీ రాసినా అంతేనని మా ఆయన చెప్పారు. సరే, రాశాను. ఇక అసలు సంగతి. ఇవాళ మా ఇంట్లో చెవి పెట్టారు.

వినికిడి శాఖ నుంచి హైమ గారని ఒకావిడ వచ్చి వంటింటి గోడకి గవ్వంత వస్తువొకటి అంటించి వెళ్ళారు. మాట్లాడితే వింటుంది, గొణిగితే వింటుంది, నిద్రలో పలవరిస్తే అదీ వింటుంది. రాస్తే మాత్రం దానికి తెలియదు. అందుకే ఈ రాత. కడుపులో మాట బయటపెట్టుకోవడానికి నాకింక ఇదొక్కటే చోటు మిగిలింది.

హైమ గారు మంచి మనిషిలాగే ఉన్నారు. నేను పెట్టిన నాచు పకోడీలు తిని, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పారు.

"మొగుడూ పెళ్ళాలు ఏం మాట్టాడుకుంటారో మాకనవసరం అండి. ఇది ఒకటే చూత్తాది. 'మనం' అని ఎప్పుడంటన్నారు, 'మేం' అని ఎప్పుడంటన్నారు. ఆ మనంలో ఎవరున్నారు, ఆ మేంలో ఎవరు లేరు. అంతేనండి."

"ఇదివరకు ప్రశ్నలడిగేవారని విన్నానండీ."

"అడిగేవోళ్ళం. ఆయన ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, ఆవిడకి ఏ కూర పడదు అని. దొంగ పెళ్ళిళ్ళోళ్ళు అయ్యన్నీ బట్టీ పట్టేసి వచ్చేవోరండి. నిజం మొగుడూ పెళ్ళాలే తడబడేవోరు. ఈ మాటొకటే బట్టీకి లొంగదు. ఏమరుపాటున నోట్లోంచి ఏదొత్తే అదే నిజం."

మృగశిర కార్తె రాగానే, నీళ్ళ మీద తేలే ఈ లంక లంగరెత్తుతుంది. ఈ తీరం తుఫాన్లకి గొలుసులు ఆగడం లేదు కనుక, పట్నం మొత్తాన్నీ అలలు తక్కువున్న దక్షిణ సముద్రానికి తోలుకుపోతారు. మళ్ళీ ఇటు రావడమంటూ ఉండదు. లంక పౌరులు కానివాళ్ళని ఆ లోపలే ఒడ్డున ఉన్న మెట్ట దేశంలో దింపేస్తారు. మా మామగారు లంకవారు, అత్తయ్య మెట్టలో పుట్టినావిడ. అందుకని మా ఆయనకి పుట్టుకతోనే రెండు దేశాల కాగితాలూ ఉన్నాయి. నాకున్నది మెట్ట కాగితం ఒక్కటే. ఆయన పెళ్ళాంగా లంక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాను. వస్తే మొగుడితో పాటు వెళ్తాను. రాకపోతే ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతాను.

వచ్చినా ఒక మెలిక ఉంది. పుట్టుకతో రెండు కాగితాలున్నవాళ్ళు రెండూ ఉంచుకోవచ్చు. దక్షిణానికి వెళ్ళాక కూడా ఏడాదికోసారి ఎగిరే పడవలో మెట్టకి వచ్చి పోవచ్చు. నాలా పెళ్ళితో వచ్చినవాళ్ళు మాత్రం పాత కాగితం వదులుకోవాలి. వదులుకున్నవాళ్ళని మెట్టలో కాలు పెట్టనివ్వరు, చావుకైనా సరే.

2

గాలి లేదు. నీళ్ళు మురికి.

నీటి మీద ఇల్లు కాబట్టి ఊడ్చుకుంటే సరిపోదు, నేల కింద నాచు కూడా గీకాలి. పలకలెత్తి, బోర్లా పడుకుని, పొడుగు కర్రకి కట్టిన రేకుతో గీకుతుంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇవాళ గీకుతూ అత్తయ్యతో, "మన నేలకి ఈసారి నత్తలెక్కువ పట్టాయత్తయ్యా," అన్నాను. 'మన' అనేటప్పుడు నా కళ్ళు వాటంతటవే గోడ మీదికి పోయాయి.

అత్తయ్య చేతిలో బొచ్చె కింద పెట్టి నవ్వారు. "నాతో చెప్తన్నావా, గోడతో చెప్తన్నావా?"

"ఇద్దరితోనూ."

"నేనీ లంకకొచ్చి నా జుట్టు నెరిసింది. ఇప్పటికీ మీ మావగారి ఫొటో ముందు నిలబడి 'మీ లంకోళ్ళింతే' అని తిడతాను. నా రోజుల్లో ఈ చెవి లేదు కాబట్టి బతికిపోయాను. లేపోతే పెళ్ళైన వారానికే ఒడ్డున పడేసేవోళ్ళు."

లంకలో అందరూ అత్తయ్యని ఇప్పటికీ మెట్టమ్మ అనే పిలుస్తారు. పిలుపు ప్రేమగానే ఉంటుంది. ఆవిడ పలుకుతారు కూడా. ఒకసారి మీ అసలు పేరేమిటత్తయ్యా అని అడిగితే, గుర్తు తెచ్చుకోవలసి వచ్చినట్టు కాసేపాగి, మహాలక్ష్మి అన్నారు.

మా ఆయన పేరు నూకరాజు. ఈ పట్నాన్ని సముద్రం అడుక్కి పట్టి ఉంచే గొలుసుల బాగోగులు చూసే సరంగు. మాటలు తక్కువ మనిషి. పెళ్ళై వచ్చిన కొత్తలో నాకిక్కడ ఏదీ వంటపట్టలేదు. అన్నిటికన్నా మట్టి లేకపోవడం బాధగా ఉండేది. తొక్కడానికి, తవ్వడానికి, ఆఖరికి తిట్టుకోవడానికైనా ఎక్కడా ఇంత మట్టి లేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఒకరోజు మరమ్మతుకి గొలుసు పైకి లాగితే లంగరు కొనకి అడుగు బురద అంటుకుని వచ్చిందట. దాన్ని తువ్వాల్లో మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, "వాసన చూడు," అన్నారు. చేపల కంపు కొట్టే ఆ బురదలో మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన పక్కనే కూర్చున్నారు, ఎందుకని అడగలేదు. అలాంటి మనిషి.

ఇవాళ అన్నం తింటూ మామూలుకన్నా ఎక్కువ మాట్లాడారు. "దచ్చినానికెల్లాక అలలుండవంట. మేం పొద్దస్తమానం గొలుసులకాడ చావక్కర్లేదు. చేపలూ పెద్దయి దొరుకుతాయంట మాకు. ఇల్లు కూడా మేం పెద్దది చేసుకుంటాం. మీ మెట్టలోలా నీళ్ళకి కటకటుండదు."

ఆయన కళ్ళలో అంత వెలుగు చూసి చాలా రోజులైంది. ఇంకో గరిటెడు చేపల పులుసు వేశాను.

3

గాలి తూర్పుకి తిరిగింది. నీళ్ళు పోటు.

దూరం మాటల తెర మీదికి ఇవాళ రాజ్యం వచ్చింది. నాకు మిగిలిన పుట్టింటి మనిషి అదొక్కతే, నా చెల్లెలు. అమ్మా నాన్నా ఇద్దరూ కరువు ఏళ్ళలోనే పోయారు. మెట్టలో కొండ మీద మంచు వలలు కాస్తుంది. తెల్లారేసరికి వలల మీద పట్టిన మంచుని పిండి, గోలేల్లోకి వంచి, ఊరికి పంచడం దాని పని. ఇప్పుడు కడుపుతో ఉంది. గోలెం ఎత్తొద్దే అంటే వినదు.

"అక్కా, మన బావిలో ఊట కనిపించింది," అంది.

"మన బావిలోనా?" అని ఎగిరి గంతేసినంత పని చేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

"ఏమైందే?"

చెవి సంగతి చెప్పాను. అది ఇంతెత్తున లేచింది. "చెల్లెలితో మాట్టాడ్డానికి గోడని అడగాలా? మన బావిని మన బావి అనక ఏమంటారు, మీ బావి అంటారా?"

"నెమ్మదిగా మాట్లాడు. అదీ వింటుంది."

"విననీ. ఇదీ విననీ. బావకి రెండు కాగితాలున్నాయిగా? నువ్వు అంత అవస్థపడి లంకదానివి అయ్యే బదులు ఆయనే ఇటొచ్చేస్తే పోదా? ఆయనకి ఏ గోడా పరీక్ష పెట్టదుగా."

పులుసు మాడుతోందని చెప్పి తెర ఆపేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నిజానికి ఆ ప్రశ్న నాకెప్పుడో వచ్చింది. నేను అడగడం కాదు, ఆయనే తనంతట తాను అనాలని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఒక్కసారి 'మనమే మెట్టకి పోదామా' అంటే చాలు. వద్దులెండి అని నేనే కాదనేదాన్ని. కాదనే అవకాశమైనా ఇవ్వలేదే అని ఉక్రోషం.

4

గాలి జోరు. నీళ్ళు కలక.

దరఖాస్తు తిరగ్గొట్టారు.

హైమ గారు స్వయంగా వచ్చారు. పకోడీలు పెడితే ముట్టుకోలేదు. అప్పుడే అర్థమైంది. రాజ్యంతో అన్న ఆ 'మన బావి' నా కొంప ముంచిందనుకున్నాను.

"అదేం కాదండి," అన్నారావిడ. "అక్కాచెల్లెళ్ళు మన బావి అనుకోపోతే చెవి అనుమానపడుద్ది. మీది శుభ్రంగా ఉందండి. ఇంట్లో మీరు 'మనం' అన్నప్పుడల్లా అందులో ఆయనున్నారు, మీ అత్తగారున్నారు, ఆఖరికి లంగరు కూడా ఉంది."

"మరి?"

ఆవిడ గోడ మీది చెవిని నొక్కి, అందులోంచి ఒక మాట వినిపించారు. మా ఆయన గొంతు. అన్నం తింటూ, పక్కనే నేను వడ్డిస్తుండగా అన్నది.

ఇల్లు కూడా మేం పెద్దది చేసుకుంటాం. మాకు. మేం.

"గొలుసు పని గురించి 'మేం' అంటే తప్పు లేదండి, అందులో మీరు లేరు కదా. మరి ఇంటి సంగతో? పెళ్ళాంతో చెప్తా 'మేం ఇల్లు పెద్దది చేసుకుంటాం' అన్నారంటే, ఆ ఇంట్లో మీరు లేరండి. ఇది ఒకసారి కాదు. ఈ చెవి పెట్టిన కాణ్ణించీ మీతో మాట్టాడతా ఆయన 'మనం' అన్నది ఒక్కటి కూడా దొరకలేదు. ఇద్దరిలో ఒకరి మాటలోనే కాపురం ఉంటే అది ఉమ్మడి కాపురం కింద రాదని చట్టం."

ఆ మాట ఆయన అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను. విని పులుసు వేశాను. గోడకున్న గవ్వకి వినపడింది నాకెందుకు వినపడలేదు? ప్రేమిస్తే చెవుడొస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

వెళ్ళేముందు హైమ గారు, "మరోసారి వినమని రాత్తానండి. లంగరెత్తే ముందు ఇంకో వారం ఉంది. అంతకంటే నా చేతుల్లో లేదు," అన్నారు. గుమ్మం దాటి, మళ్ళీ తిరిగొచ్చి, చల్లారిపోయిన పకోడీ ఒకటి తీసుకుని వెళ్ళారు. నన్ను నొప్పించడం ఇష్టం లేక అనుకుంటాను.

5

గాలి అదే. నీళ్ళు అవే.

పొద్దున్నే ఆయన వెంట గొలుసుల దగ్గరికి వెళ్ళాను. అక్కడ చెవి లేదు. ఇనుము రాసుకునే చప్పుడులో మనిషి మాట మనిషికే సరిగా వినపడదు. హైమ గారు చెప్పిందంతా చెప్పాను. ఆయన చేతిలో నూనె డబ్బా అలాగే ఉండిపోయింది.

"నేనలా అన్నానా?" అన్నారు.

"ఎప్పుడూ అలాగే అంటారట."

చాలాసేపు గొలుసుకి నూనె పెట్టారు, పెట్టిన చోటే మళ్ళీ పెట్టారు. ఆ తర్వాత చెప్పారు.

"చిన్నప్పుడు ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ చదివించింది మా అమ్మ. మెట్ట బళ్ళో ఒకసారి 'మన లంకలో' అన్నాను. మన ఏంట్రా, మీ లంక అను అని వొంగోబెట్టి గుద్దారు. ఇక్కడికొచ్చి 'మన మెట్టలో' అన్నాను. ఈళ్ళూ అంతే. ఇంక అప్పట్నించీ ఎవరితో మాట్టాడినా అవతలోళ్ళని పక్కనెట్టి మాట్టాడ్డం అలవాటైపోయింది. మెట్టోళ్ళతో మేం లంకోళ్ళం అంటాను, లంకోళ్ళతో మేం మెట్టోళ్ళం అంటాను. ఎవుడూ గొడవకి రాడు."

నాకు ఆయన మీద కోపం పోయి జాలేసింది. రెండు దేశాల కాగితాలున్న మనిషని అందరూ కుళ్ళుకుంటారు. ఇంత వయసొచ్చినా ఆయనకి 'మనం' అనుకోవడానికి ఒక మనిషి దొరకలేదు. జాలిపడుతూనే నా నోరు ఊరుకోలేదు.

"నేను కూడా అవతలోళ్ళలోనే పడ్డానాండీ?"

"నువ్వు కాదు."

"చెవి పడ్డానంటోంది."

ఇక ఆగలేక అడిగేశాను. "మీకు మెట్ట కాగితం ఉందిగా. మీరే నాతో వచ్చేయొచ్చుగా?"

"అక్కడ నేనేం చేత్తాను తాయారూ? గొలుసు తప్ప నాకు పని రాదు. అక్కడ నీళ్ళే లేవు."

"ఇక్కడ నేనేం చేస్తున్నానండీ? ఇక్కడ మట్టే లేదు."

గొలుసు ఒకసారి బిగిసి, మళ్ళీ వదులైంది. ఆయన నా వైపు చూడకుండానే, "నువ్వు లేకుండా నేనెల్లలేను. నువ్వు కావాల నాకు," అన్నారు. పెళ్ళైన ఇన్నాళ్ళలో అంత మాట ఆయన నోట్లోంచి రాలేదు. సిగ్గులేకుండా నేను దానికే కరిగిపోయాను.

6

గాలి ఈశాన్యం నుంచి, విసురుగా. నీళ్ళు లేస్తున్నాయి.

మరో వినికిడి మొదలైంది. ఆయన కష్టపడుతున్నారు. అది చూడలేకపోతున్నాను.

"మనం కాఫీ తాగుదామా?" అంటారు. తాగుతాం. "మనం ఇంక పనికెల్తాం," అంటారు. ఎవరెవరం అని అడగాలనిపిస్తుంది, నేను రావడం లేదుగా. నిన్న మరీ, "మనం స్నానం చేసొత్తాం," అన్నారు. అత్తయ్య విస్తుపోయి ఇద్దరి మొహాలూ చూశారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి పోయాను. పోయి నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. 'మనం' అనే ముందు ప్రతిసారీ ఆయన క్షణం ఆగుతున్నారు. కొత్త భాష నేర్చుకునేవాడు మాట కోసం వెతుక్కున్నట్టు ఉంది. ఆ క్షణం నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. ఇంతకన్నా 'మేం' అంటూ బతికిన రోజులే సుఖంగా ఉన్నాయి.

మధ్యాహ్నం గాలివాన ముంచుకొచ్చింది. లంక అంతా ఒక పక్కకి ఒరిగింది. వంటింట్లో కొక్కేలకున్న గిన్నెలన్నీ ఊగి ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అత్తయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయారు. మా ఇంటిని పక్కింటితో కలిపే మోకు తెగి, చూస్తుండగానే ఇల్లు విడిపోయి సముద్రం వైపు జరగసాగింది. ఆయన గొలుసుల దగ్గర్నించి పరుగెత్తుకొచ్చి, మధ్యలో తెరుచుకున్న నీళ్ళని ఒక్క దూకు దూకి, గడపలో పడ్డారు.

"తాయారూ, మోకు పట్టుకో. మనిల్లు పోతంది. మనమ్మని లోపల కట్టెయ్. మనం ఆ గుంజ అందుకుంటే చాలు, లాగు, లాగు."

మోకు రెండో కొస పట్టుకుని లాగాను. అరచేతులు చీరుకుపోయాయి. గుంజ అందింది. ఇల్లు తిరిగి వచ్చి పక్కింటిని దబ్బున గుద్దుకుని నిలిచింది. ఇద్దరం తడిసి ముద్దై నేల మీద కూలబడ్డాం. ఆయన నా చేతుల్లోంచి కారుతున్న రక్తం చూసి కంగారుపడుతున్నారు. ఆయన ఏమన్నారో ఆయనకి తెలియదు. మనిల్లు. మనమ్మ. మనం. ఆగలేదు, వెతుక్కోలేదు.

దెబ్బలు మంటపుడుతున్నా, నాకు ఆ గాలివాన ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

7

గాలి చల్లన. నీళ్ళు నిలకడ.

పౌరసత్వం ఇచ్చారు.

హైమ గారు వస్తూనే గుమ్మంలోంచి, "వినపడిందండి," అన్నారు. ఆవిడ మొహం విప్పారి ఉంది. గోడ మీంచి చెవి పీకి చేతి సంచిలో వేసుకున్నారు. ఈసారి పకోడీలు అడిగి మరీ తిన్నారు. మా ఆయన ఒక మూల నిలబడి, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డారు.

సాయంత్రం మెట్ట ప్రభుత్వ కచేరీ నుంచి ఒకాయన పడవలో వచ్చాడు. నా కాగితం తీసుకుని, రెండుసార్లు తిరగేసి చూసి, పెట్టెలో పడేశాడు. ఆ తర్వాత లంకవాళ్ళ ప్రమాణం. పెద్ద ప్రమాణమేదో ఉంటుందని భయపడ్డాను. ఒకటే వాక్యం. ఇకమీదట మెట్టని మా ఊరు అనను. హైమ గారు అనమన్నారు, నేనన్నాను. నా గొంతు బాగానే పలికింది. పళ్ళు పీకించుకున్నప్పుడు కూడా నొప్పి వెంటనే తెలియదు.

అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను లోపలికి వెళ్తే, ఏమీ అనకుండా నా నెత్తి మీద చెయ్యి వేసి, "నాతో కూడా ఇలాగే అనిపించారు," అన్నారు. "నాకు కాగితం వచ్చిన రోజు నేను అన్నం వొండలేదు. నువ్వూ వొండకు. నేను వొండుతాను."

రాజ్యానికి చెప్పాలి. దాక్కుంటే లాభం లేదని తెర పెట్టాను. దక్షిణానికి వెళ్ళాక ఈ తెర అందదు. ఇదే ఆఖరిసారి. చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. పొట్ట మీద చెయ్యేసుకుని కాసేపు నన్నే చూసింది.

"పోనీలే. బావ దగ్గరుంటావుగా," అంది. మాట మార్చడానికి, "మా ఊళ్ళో నిన్న వాన పడిందక్కా. నిజం వాన. మా వీధంతా తడిసింది," అంది.

పుట్టిన దగ్గర్నించి అది నాతో 'మన ఊరు' అనే అంది. ఇవాళ 'మా ఊరు' అంది. ఎవరూ దాన్ని అనమనలేదు, దానికి ఏ గోడా లేదు. అన్నట్టు కూడా దానికి తెలియదు, తెలిస్తే నాలుక కోసుకునేది. నేను సరిదిద్దలేదు. సరిదిద్దే హక్కు ఆ సాయంత్రమే ఇచ్చేశాను. వాళ్ళ ఊళ్ళో వాన పడింది. మంచిదే. గోలేలు నిండి ఉంటాయి.

8

గాలి ఉత్తరం నుంచి. నీళ్ళు కదులుతున్నాయి, లంకా కదులుతోంది.

లంగరెత్తారు. తెల్లారుజాము నుంచి గొలుసులు ఒక్కొక్కటే పైకి వస్తుంటే ఇళ్ళన్నీ వణికాయి. అందరూ అంచుల మీద నిలబడి ఈలలు వేశారు, పళ్ళేలు మోగించారు. చివరి గొలుసు లేచాక ఇల్లు తేలికైనట్టు అనిపించింది. అత్తయ్య మాత్రం తలుపేసుకుని పడుకున్నారు. చూసేదేముంది, కాగితం ఇచ్చేసిన రోజే చూశానుగా అన్నారు.

పని అయ్యాక ఆయన నా కోసం వచ్చారు. ఒంటినిండా తుప్పూ నూనే. ఇంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి పట్టుకుని పడమటి అంచుకి తీసుకెళ్ళారు. తీరం సన్నటి గీతలా ఉంది. దాని వెనక కొండ, కొండ మీద తెల్లగా మంచు వలలు. పొద్దు పడి అవి మెరుస్తున్నాయి. ఆ వలల కింద ఎక్కడో రాజ్యం ఉంటుంది, గోలెం ఎత్తొద్దంటే వినకుండా.

"అదుగో, మీ ఊరు," అన్నారాయన. "వలలు కనపడతన్నాయి చూడు. బాగా చూసుకో."

చూస్తున్నాను.

"నువ్వేం బెంగెట్టుకోకు. ఏడాదికోసారి ఎగిరే పడవుంటాది గదా, నేనెల్తాను. మీ చెల్లి బిడ్డనెత్తుకుని, ఎవరి పోలికొచ్చిందో చూసొచ్చి నీకు చెప్తాను. మీ బావి నీళ్ళు కూడా తెత్తాను."

ఆయన మనసు నాకు తెలుసు. లంగరు బురదని తువ్వాల్లో కట్టి తెచ్చిన మనిషి. తెస్తానంటే తెస్తారు. నన్ను ఓదార్చడానికి ఆయన దగ్గరున్నదంతా ఇచ్చేస్తున్నారు. ఆయన ఒక్కొక్క మాటా అంటుంటే నా లోపల ఒక్కొక్కటీ తెగుతోంది. నా చెల్లెలి బిడ్డని ఆయన ఎత్తుకుంటారు. నేనిక్కడ నాచు గీకుతూ, ముక్కు ఎలా ఉంది, కళ్ళెలా ఉన్నాయి అని ఆయన్ని అడగాలి.

"అది మీ ఊరేనండీ," అన్నాను. "కాగితం మీ దగ్గరుంది. నాది కాదు."

కోపంగా అనలేదు. ఉన్న సంగతే అన్నాను. ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. అప్పటిదాకా ఆయనకి తట్టనే లేదని నాకు తెలిసిపోయింది. నా వైపు తిరిగారు. ఏదో అనబోయారు, పెదాలు రెండూ కలిశాయి. మనది అనాలన్నా, మాది అనాలన్నా, మీది అనాలన్నా ముందు పెదాలే కలుస్తాయి. ఏ మాట వస్తుందా అని ఆయన నోటి వైపే చూశాను. నాకు ఏడుపు ఆగలేదు.

మాట రాలేదు. కొండ మీద వలలు కనపడకుండా పోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.